ఇంజిన్ పార్టులకి ఏ పెయింట్? సింథటిక్, ఇంజిన్ ఎనామిల్, 600 డిగ్రీల సిల్వర్, 2కె, పౌడర్ కోటింగ్ మధ్య ఎట్టా తేల్చుకోవాలి

ఇంజిన్ దించి బోరు పనికి (అరిగిన సిలిండర్లని మళ్లీ కోయించి సరిచేసే పనికి) ఇచ్చినప్పుడో, హెడ్ గాస్కెట్ పోయి సగం ఇంజిన్ విప్పినప్పుడో, "ఎట్టాగూ విప్పాం కదా, పెయింట్ కూడా వేసేద్దాం" అనే మాట ప్రతి షెడ్డులోనూ వస్తుంది. తల తిరిగేది అక్కడే. మెకానిక్ సిల్వర్ వేద్దాం అంటాడు, పెయింట్ షాపాయన 600 డిగ్రీలు తట్టుకునేది ఉంది తీసుకోండి అంటాడు, టింకరింగ్ వాళ్లేమో మా దగ్గర బాడీ పెయింట్ మిగిలింది అదే కొట్టేస్తాం అంటారు, ఫోన్లో వెతికితే పౌడర్ కోటింగ్ చెయ్యమని వస్తుంది. నెల్లూరు ఆటోనగర్లో అడిగినా ఒంగోల్లో అడిగినా నలుగురూ నాలుగు మాటలు చెప్తారు, విచిత్రం ఏందంటే ఆ నలుగురి మాటా ఏదో ఒక పార్టుకి కరెక్టే, మీ చేతిలో ఉన్న పార్టుకి కరెక్టా కాదా అనేదే తేలదు.

అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తున్నా. డబ్బా మీద డిగ్రీల నంబర్ పెద్దగా ఉంటే మంచి పెయింట్ అనుకుని కొనొద్దు. 600 డిగ్రీల పెయింట్ సిలికాన్ రకం, అది గట్టిపడాలంటే దానికే 200 డిగ్రీల పైన వేడి తగలాలి. ఇంజిన్ బ్లాక్, అంటే సిలిండర్లు ఉండే పెద్ద దిమ్మె, ఎప్పుడూ అంత వేడెక్కదు. అంటే ఆ పెయింట్ బ్లాక్ మీద ఎన్నాళ్లున్నా పచ్చిగానే ఉంటది, గోరు పెడితే గీత పడుద్ది, ఆయిల్ గుడ్డతో తుడిస్తే గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ పని చేయించుకున్నట్టు. పార్ట్ ఎంత వేడెక్కుద్దో ఆ వేడికి తగ్గ పెయింట్ తీసుకోవాలి, అంతకంటే తక్కువదీ పనికిరాదు, మరీ ఎక్కువదీ పనికిరాదు.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది వేడి. ఇంజిన్ అంతా ఒకటే వేడి ఉండదు. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది కాబట్టి బ్లాక్ బయట పక్క మామూలుగా 90 నుంచి 120 మధ్యే ఉంటుంది. ట్యాపెట్ కవరు (హెడ్డు పైన ఉండే మూత), టైమింగ్ కవరు, ఆయిల్ చాంబరు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కూడా ఇంచుమించు అంతే, ఆయిల్ ఎంత కాగితే అంత. హెడ్డులో ఎగ్జాస్ట్ పోర్టుల పక్కన ఇంకొంచెం ఎక్కువ. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (హెడ్డు నుంచి పొగని సైలెన్సర్ వైపు తీసుకుపోయే గొట్టం) దగ్గరికి వస్తే మాత్రం లెక్కే మారిపోద్ది, లోడు మీద నడిస్తే 400 నుంచి 700 డిగ్రీల దాకా పోతుంది, పెట్రోల్ టర్బో బండ్లలో అంతకంటే పైకి కూడా పోయి ఎర్రగా కనపడుద్ది. డీజిల్ బండి ఖాళీగా నడిచేటప్పుడు బాగా తక్కువ ఉంటుంది గానీ ఏసీ వేసుకుని నిండా జనంతో హైవే మీద పోతుంటే అదీ తక్కువ కాదు.

రెండోది జిడ్డు. ఏ పార్టు మీద ఇంజిన్ ఆయిల్, డీజిల్, పెట్రోల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ పడుతుందో చూడండి. బ్రేక్ ఆయిల్ అయితే మామూలు పెయింట్లని ఊడదీసేస్తది, మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్ డబ్బా ఉండే పార్టు) కింద ఉన్న పార్టులకి ఇది గుర్తుపెట్టుకోవాలి.

మూడోది లోహం. పాత అంబాసిడర్ ఇంజిన్ అంటే బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. మారుతి 800లో బ్లాక్ ఇనుము, హెడ్ అల్యూమినియం. ఇప్పటి కార్లలో చాలావాటికి బ్లాక్ కూడా అల్యూమినియమే. ఇనుముకి తుప్పు పడుద్ది, అల్యూమినియానికి తెల్లటి పొడి పడుద్ది, రెండింటికీ కింద వేసే ప్రైమర్ వేరు, కడిగే పద్ధతి వేరు.

నాలుగోది మనం ఉండే చోటు. ఇది మన నెల్లూరు, ఒంగోలు వైపు చాలా తేడా తెస్తది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం, పాకల వైపు బండి రోజూ ఉప్పు గాలిలో ఉంటుంది, ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ పడిన తుప్పు అంత తొందరగా లోపలికి తినదు. చీమకుర్తి వైపు అయితే గ్రానైట్ దుమ్ము, అది తుప్పు పట్టించదు గానీ చిన్న ఆయిల్ లీకు ఉన్నా దానికి అతుక్కుని గట్టి పొరలాగా అయిపోయి, కడిగినప్పుడు పెయింట్ని గీకేస్తది.

ఐదోది, ఇంజిన్ బయట ఉందా బండిలోనే ఉందా. బండిలో ఉండగానే వేయాలంటే సగం ఎంపికలు అక్కడే ఎగిరిపోతాయి.

ఇంకో మాట. అమెరికా కంపెనీల డబ్బాల మీద నంబర్ ఎక్కువగా ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, చాలామంది సెల్సియస్ అనుకుని కొంటున్నారు. 500 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో 260 డిగ్రీలే. 1200 అని ఉంటే 650 దగ్గర. ఇంజిన్ ఎనామిల్ డబ్బా మీద 500 చూసి మ్యానిఫోల్డ్‌కి కొట్టేస్తే మొదటి రోజే పొగలు వచ్చి నల్లగా మాడిపోద్ది. తప్పు పెయింట్‌ది కాదు, నంబర్ చదివిన పద్ధతిది.

ఒక్క చూపులో

| రకం | ఎంత వేడి దాకా | జిడ్డుకి ఆగుతుందా | ఎక్కడికి బాగుంటుంది | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| మామూలు సింథటిక్ ఎనామిల్ | 90–100 | అంతంత మాత్రం | బ్యాటరీ ట్రే, బ్రాకెట్లు, ఫ్యాన్ షీటు | బ్లాక్, హెడ్ |
| ఇంజిన్ ఎనామిల్ స్ప్రే | 260 దగ్గర | బాగా | బ్లాక్, చాంబరు, ట్యాపెట్ కవరు, టైమింగ్ కవరు | మ్యానిఫోల్డ్, సైలెన్సర్ |
| 600 డిగ్రీల సిలికాన్ పెయింట్ | 600 | కాలిన తర్వాతే | మ్యానిఫోల్డ్, సైలెన్సర్ పైపు, హీట్ షీల్డ్ | బ్లాక్, కవర్లు |
| 2కె పీయూ బాడీ పెయింట్ | 120 దాకా నిశ్చింత | చాలా బాగా | బ్లాక్ కింది భాగం, చాంబరు, మౌంటింగ్ బ్రాకెట్లు | ఎగ్జాస్ట్ పక్కన ఏదైనా |
| పౌడర్ కోటింగ్ | 150 దాకా | చాలా బాగా | ట్యాపెట్ కవరు, బ్రాకెట్లు, పుల్లీ కవర్లు | విప్పలేని పార్టులు |
| ఏమీ వేయకుండా కడగడం | – | – | కొత్త బండి, స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు, పోత ఇనుము మ్యానిఫోల్డ్ | సముద్రం పక్క ఇనుప బ్లాక్ |

ఇప్పుడు ఒక్కోదాని గురించి.

మామూలు సింథటిక్ ఎనామిల్

గేట్లకి, కిటికీ ఊచలకి వేసే ఆయిల్ పెయింట్ ఇదే. చవక, ప్రతి ఊళ్లో దొరుకుద్ది, బ్రష్‌తో వేసేయొచ్చు. వేసిన రోజు మెరుస్తా బ్రహ్మాండంగా కనపడుద్ది. బ్లాక్ మీద వేస్తే ఆ వేడికి మెల్లగా పసుపు రంగుకి తిరిగి, పెళుసెక్కి, పెచ్చులు లేస్తది. పెచ్చు లేచిన చోట కిందకి నీళ్లు దూరి అక్కడ తుప్పు ఇంకా ఎక్కువ పడుద్ది, అంటే వేయకముందే నయం. బండి అమ్మేవాళ్లు ఎక్కువగా కొట్టించేది ఇదే, అందుకే పాత బండి కొనేటప్పుడు ఇంజిన్ మీద తాజాగా సిల్వరో నలుపో మెరుస్తుంటే కొంచెం ఆగి గాస్కెట్ అంచుల వెంట వేలు పెట్టి చూడండి, లీకుల మీద పెయింట్ కప్పి ఉండొచ్చు. బ్యాటరీ ట్రేకి, రేడియేటర్ పైన ఉండే పట్టీకి, చల్లగా ఉండే బ్రాకెట్లకి అయితే సింథటిక్ సరిపోద్ది, అక్కడ ఎక్కువ ఖర్చు పెట్టాల్సిన పని లేదు.

ఇంజిన్ ఎనామిల్ స్ప్రే డబ్బా

ఎక్కువమందికి కావాల్సింది ఇదే అని నా గట్టి అభిప్రాయం. బ్లాక్ ఎక్కే వేడికి రెండింతల పైన తట్టుకుంటుంది, ఆయిలూ డీజిలూ పడినా తుడిస్తే పోద్ది, మెరుపు ఉంటుంది, రంగులు దొరుకుతాయి. రస్ట్ ఓలియమ్, విహెచ్‌టి లాంటి కంపెనీల ఇంజిన్ ఎనామిల్స్ ఈ తరగతివే. అన్నిటికంటే ముఖ్యం, ఇది గట్టిపడటానికి కావాల్సిన వేడి ఇంజిన్ దగ్గరే దొరుకుతుంది. విహెచ్‌టి ఇంజిన్ ఎనామిల్‌కి 93 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు చాలు అంటారు, అంటే మామూలుగా ఇంజిన్ వేడెక్కే వేడే.

ఇబ్బందులు లేవని కాదు. మన దగ్గర చిన్న ఊళ్లలో దొరకదు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి, ధర సింథటిక్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. ఒక 400 మి.లీ. డబ్బాతో ఇంజిన్ మొత్తం అయిపోద్ది అనుకోవద్దు, నాలుగు సిలిండర్ల బ్లాకు, చాంబరు, టైమింగ్ కవరు కలిపి రెండు డబ్బాలు పెట్టుకుంటే నిశ్చింత, ప్రైమర్ వేరే. ఇంకా డబ్బా మీద ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య టైం రాసి ఉంటుంది, గంట లోపల వేయండి లేదా రెండు రోజులో వారమో ఆగి వేయండి అని. ఆ మధ్యలో వేస్తే కింది పొర సగం ఎండి ఉంటది కాబట్టి పైపొర లాగి ముడతలు పడిపోద్ది, మళ్లీ మొత్తం గీకాల్సిందే. ఈ ఒక్క లైను చదవకపోవడం వల్లే ఎక్కువ పనులు చెడిపోతాయి.

600 డిగ్రీల సిలికాన్ పెయింట్, హీట్ రెసిస్టెంట్ సిల్వర్

డబ్బాల్లో బ్రష్‌తో వేసేది ఉంది, స్ప్రేలో ఉంది. ఫ్యాక్టరీల్లో బాయిలర్ పైపులకి, పొగ గొట్టాలకి వేసే సిల్వర్ ఇదే జాతి. మ్యానిఫోల్డ్‌కి, సైలెన్సర్ ముందు పైపుకి, హీట్ షీల్డ్‌కి పెయింట్ వేయాలంటే ఈ రకాల్లో ఇదే వేయాలి. రంగులు తక్కువ, సిల్వర్ లేదా నలుపు, మెరుపు ఉండదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. షాపుల్లో "హీట్ సిల్వర్" అని అడిగితే తక్కువ డిగ్రీల రకం కూడా ఇస్తారు, 200 దాకా తట్టుకునేదీ 600 తట్టుకునేదీ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. డబ్బా మీద నంబర్, అది సెల్సియసా ఫారెన్‌హీటా చూసి తీసుకోండి.

దీని కింద మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయొద్దు. ప్రైమర్ మాడిపోయి పైన ఉన్న పెయింట్‌ని పట్టుకుని కింద పడిపోద్ది. డబ్బా మీద దాని కంపెనీ ప్రైమర్ చెప్తే అది, లేదంటే శుభ్రంగా తుడిచిన వట్టి లోహం మీదే సన్నగా వేయాలి. మందంగా వేస్తే బుడగలు లేస్తాయి.

ఇంకో విషయం, పోత ఇనుము మ్యానిఫోల్డ్‌కి పైన పట్టే తుప్పు చూడటానికే చెడ్డగా ఉంటుంది, అంత మందం ఉన్న ఇనుముని అది తొందరగా ఏమీ చేయలేదు. కాబట్టి రోజూ నడిపే బండికి దీన్ని వదిలేసినా నష్టం లేదు. సన్నటి రేకుతో చేసిన సైలెన్సర్ పైపుల సంగతి వేరు, సముద్రం పక్క ఊళ్లలో అవి నిజంగానే చిల్లులు పడతాయి, వాటికి ఏడాదికోసారి గీకి సిల్వర్ వేయడం దండగ కాదు.

2కె పీయూ, బాడీ షాపు పెయింట్

పెయింటూ హార్డెనరూ కలిపి గన్నుతో కొట్టేది. ఆయిల్‌కి, డీజిల్‌కి చాలా బాగా ఆగుతుంది. ట్రాక్టర్ ఇంజిన్లకి, పాత జీపులకి చాలామంది ఇదే కొట్టిస్తారు, బ్లాక్ పక్కల మీద, చాంబరు మీద చాలా ఏళ్లు ఉంటుంది. 150 దగ్గరికి పోతే రంగు మారడం మొదలవుద్ది కాబట్టి ఎగ్జాస్ట్ పక్క వద్దు. దీని కింద ఎపాక్సీ ప్రైమర్ (ఇది కూడా హార్డెనర్ కలిపి వేసే గట్టి అడుగు పూత) వేస్తే ఉప్పు గాలికి కూడా బాగా ఆగుతుంది.

దీన్ని ఇంట్లో, వరండాలో కొట్టొద్దు. హార్డెనర్లో ఐసోసైనేట్ అనే మందు ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా లాంటిది పట్టుకుని వదలదు. మూతికి తుండుగుడ్డ కట్టుకుంటే సరిపోదు, మామూలు ఫిల్టర్ మాస్క్‌ని కూడా నమ్ముకోవద్దు, పైపుతో బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్ కావాలి, గాలి ఆడాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. ఇది చేయించుకుంటే అలవాటున్న పెయింటర్ దగ్గరే చేయించండి, ఆయన దగ్గర అట్టాంటి మాస్క్ ఉందో లేదో ముందే అడగండి.

పౌడర్ కోటింగ్

పొడిని కరెంటు చార్జితో అతికించి 180, 200 డిగ్రీల ఓవెన్లో కాలుస్తారు. గీతలు తొందరగా పడవు, అందంగా ఉంటది. కానీ పార్ట్ పూర్తిగా విప్పి, రబ్బర్లు, సీళ్లు, బేరింగులు అన్నీ తీసి ఇవ్వాలి, లేకపోతే ఓవెన్లో అవి పోతాయి. పాత పోత అల్యూమినియం కవర్ల లోపల సూదిమొన రంధ్రాల్లో ఆయిల్ ఇంకిపోయి ఉంటుంది, కాల్చేటప్పుడు అది ఉబికి పైకి వచ్చి పౌడర్ మీద బొబ్బలు పుట్టిస్తుంది. దీనికి మందు ఏందంటే కోటింగ్ వేయకముందే పార్ట్‌ని ఒట్టిగా ఒకసారి ఓవెన్లో కాల్చి ఆ ఆయిల్ బయటికి రప్పించడం, మీ పౌడర్ కోటింగ్ ఆయన్ని ఇది చేస్తారా అని ముందే అడగండి. గాస్కెట్ కూర్చునే చోట, బోల్టు తలలు కూర్చునే చోట పౌడర్ పడకూడదు, పడితే మందం వల్ల బోల్టు టైటు నిలబడదు. ట్యాపెట్ కవర్ ఒక్కటే చేయించుకుంటే అందానికీ మన్నికకీ మంచి ఎంపిక, మొత్తం ఇంజిన్‌కి ఇది పని కాదు.

ఏమీ వేయకపోవడం

ఇదీ ఒక ఎంపికే, చాలామంది లెక్కలోకి తీసుకోరు. అల్యూమినియం బ్లాకు ఉన్న కొత్త కారుకి పెయింట్ అవసరమే లేదు. శుభ్రంగా ఉంచితే చాలు. వారంటీలో ఉన్న బండి అయితే అసలు ముట్టుకోవద్దు.

ఎవరికి ఏది

పాత అంబాసిడరో, మారుతి 800నో, పాత జీపో ప్రేమగా బాగు చేసుకుంటుంటే, ఇంజిన్ ఎట్టాగూ బయటే ఉంటుంది కాబట్టి కష్టమైనా పద్ధతిగా చేయండి: ఇనుప బ్లాకుకి ప్రైమర్ మీద ఇంజిన్ ఎనామిల్, ట్యాపెట్ కవర్‌కి అదే లేదా పౌడర్, మ్యానిఫోల్డ్‌కి సిలికాన్ సిల్వర్. ఒకే పెయింట్‌తో అన్నీ అయిపోవాలి అనుకుంటే ఎక్కడో ఒకచోట తేడా కొట్టుద్ది.

రొయ్యల చెరువులకి మేత మోసే బండి, సముద్రం పక్క ఊళ్లో ఉండే టాక్సీ అయితే అందం సంగతి పక్కన పెట్టి తుప్పు గురించే ఆలోచించండి. ఇక్కడ పైపెయింట్ కంటే కింద ప్రైమర్ ముఖ్యం. బ్లాక్ కింది భాగానికి, చాంబరుకి, మౌంటింగ్ బ్రాకెట్లకి ఎపాక్సీ మీద 2కె నా ఓటు. రేకు చాంబర్ తుప్పుకి సన్నబడి చిల్లు పడితే రోడ్డు మీద ఆయిల్ మొత్తం కారిపోయి ఇంజినే పోద్ది, అంత పెద్ద ఖర్చు ముందు ఈ పెయింట్ ఖర్చు ఏపాటిది.

చీమకుర్తి వైపు దుమ్ములో తిరిగే బండికి మెరుపున్న పెయింటే మేలు, గరుకుగా ఉండే మ్యాట్ మీద దుమ్ము పట్టేసి వదలదు. ముందు లీకులు ఆపండి, తర్వాతే పెయింట్.

బండి అమ్మడానికే పెయింట్ వేయిద్దాం అనుకునే వాళ్లకి నా సలహా, వేయించొద్దు. ఇంజిన్ శుభ్రంగా కడిగి, లీకులుంటే గాస్కెట్ మార్చి, ఆ బిల్లు చూపించండి. తెలిసినవాళ్లు కొత్త పెయింట్ చూస్తే అనుమానపడతారు, బిల్లు చూస్తే నమ్ముతారు.

రంగు విషయంలో ఒక్క మాట: లేత బూడిద, సిల్వర్ అయితే ఆయిల్ ఎక్కడ నుంచి కారుతుందో వెంటనే కనపడుద్ది, నలుపు అయితే మురికి కనపడదు గానీ లీకు కూడా కనపడదు. పనిచేసే బండికి లేత రంగే తీసుకోమంటాను. తెలుపు మాత్రం వద్దు, వేడికి పసుపు రంగుకి తిరుగుద్ది.

వేసే ముందు

పెయింట్ ఏదైనా సరే పని ఇక్కడే ఉంటుంది. మన షెడ్లలో డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగి, గాలి కొట్టి వెంటనే పెయింట్ వేసేస్తారు. డీజిల్ జిడ్డుని తీస్తుంది నిజమే కానీ దాని పొర అదే మిగిల్చి పోతుంది, దాని మీద ఏ పెయింటూ పట్టదు. డీజిల్ తర్వాత సర్ఫు కలిపిన వేడినీళ్లతో రుద్ది కడగాలి, బాగా ఆరనిచ్చి, చివర్లో థిన్నర్‌తో తడిపిన తెల్లగుడ్డతో తుడవాలి, గుడ్డకి మురికి అంటనంత వరకు గుడ్డ మార్చి మార్చి తుడవాలి. పెట్రోల్‌తో కడగొద్దు, బ్యాటరీ వైరు ఒక్క నిప్పురవ్వ వేస్తే చాలు.

బోరింగ్ షాపుల్లో కాస్టిక్ సోడా తొట్టిలో ఉడకబెట్టి కడుగుతారు. ఇనుప బ్లాకుకి అది చక్కటి పద్ధతి. అల్యూమినియం హెడ్డునో కవరునో పొరపాటున అందులో వేస్తే సోడా అల్యూమినియాన్నే తినేస్తది, నురగలు కక్కుతా నల్లగా గుల్లబారి బయటికి వస్తది. మీ హెడ్ అల్యూమినియం అయితే వాళ్లకి నోటితో చెప్పి ఇవ్వండి.

తుప్పుని వైర్ బ్రష్‌తో, ఎమిరీ పేపర్‌తో గీకాలి. అల్యూమినియానికి ఇనుప వైర్ బ్రష్ వాడొద్దు, ఇనుము పొడి అందులో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలు తేలతాయి, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ లాంటిదో ఇత్తడి బ్రషో వాడండి. అల్యూమినియం మీద ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే ప్రైమర్) వేస్తేనే పెయింట్ పట్టుద్ది. ఇసుక కొట్టించే ఆలోచన ఉంటే ఇంజిన్ పూర్తిగా విప్పి, తర్వాత ఆయిల్ దారులన్నీ కడిగించగలిగితేనే చేయించండి, ఒక్క ఇసుక రేణువు బేరింగులోకి పోయినా చేసిన బోరు పని అంతా వృథా. పుట్టీ, లప్పం ఇంజిన్ మీద ఎక్కడా పెట్టొద్దు.

గీకిన ఇనుముని రేపు చూసుకుందాం అని వదిలేయొద్దు. మన తీరంలో రాత్రి తేమకి తెల్లారేసరికి సన్నగా ఎర్ర పొర వచ్చేస్తది. గీకిన రోజే ప్రైమర్ పడాలి.

పెయింట్ తగలకూడని చోట్లు ముందే టేప్ వేసుకోండి: గాస్కెట్ కూర్చునే అన్ని ముఖాలు, బోల్టు రంధ్రాల మరలు, స్పార్క్ ప్లగ్ రంధ్రాలు, సెన్సర్లు, బెల్టు తిరిగే గాడులు, రబ్బర్ హోసులు, ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు. బ్యాటరీ ఎర్త్ వైరు బిగించే చోటు మర్చిపోవద్దు, అక్కడ పెయింట్ పడితే ఎర్త్ అందక సెల్ఫ్ సరిగ్గా తిరగదు, కొత్త బ్యాటరీ కొన్నా తిరగదు. ఇంజిన్ నంబర్ పంచ్ చేసిన చోట కూడా టేప్ వేయండి, ఆర్టీవో ఆఫీసులో ట్రాన్స్‌ఫర్‌కో ఫిట్‌నెస్‌కో పోయినప్పుడు ఆ నంబర్ స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. రేడియేటర్ రెక్కలకి మందపాటి పెయింట్ కొట్టించొద్దు, గాలి పోయే దారి మూసుకుపోద్ది.

ఎప్పుడు, ఎట్టా

మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, అప్పుడు గాలిలో తేమకి పెయింట్ పాలు పోసినట్టు తెల్లబారి మెరుపు పోతుంది. రోహిణి కార్తెలో ఇంకో బాధ, చాలా స్ప్రే డబ్బాల మీద 32 డిగ్రీల లోపు వేయమని ఉంటుంది, మనకి 40 దాటి ఉంటుంది, డబ్బా నుంచి పార్టు దాకా వచ్చేలోపే చుక్కలు ఎండిపోయి ఉప్పు కాగితంలాగా గరుకుగా పడుద్ది. జనవరి నుంచి మార్చి మొదటి దాకా మంచి సీజన్. ఎండాకాలంలోనే తప్పనిసరి అయితే తెల్లవారుజామున, నీడలో వేయండి. స్ప్రే డబ్బాలని ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం వదలొద్దు, అవి 50 డిగ్రీలు దాటకూడదు, మూసి ఉన్న కారులో మన మే నెలలో అంతకంటే ఎక్కువే ఉంటది, పేలిపోతాయి.

ఒక్కసారే మందంగా కాకుండా పల్చగా మూడు కోట్లు. మొదటి కోటు కింద లోహం ఇంకా కనపడుతూ ఉన్నా ఫర్వాలేదు, అట్టానే ఉండాలి. పదేసి నిమిషాలు గ్యాప్. మూలలు, పక్కటెముకల్లాంటి గీతల మధ్య ముందు కొట్టి తర్వాత బయటి తలాలు కొట్టండి.

మ్యానిఫోల్డ్‌కి వేసిన సిలికాన్ పెయింట్‌ని మెట్లు మెట్లుగా కాల్చాలి. విహెచ్‌టి వాళ్ల ఫ్లేమ్‌ప్రూఫ్ పెయింట్‌కి చెప్పే లెక్క సుమారుగా ఇట్టా ఉంటుంది: 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లారనివ్వడం అరగంట, 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లారడం, 315 దగ్గర అరగంట. బండిలో బిగించాక చేయాలంటే ఐడిల్‌లో పది నిమిషాలు నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాత ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లారనివ్వండి, ఆ తర్వాతే రోడ్డెక్కండి. మొదటిసారి పొగ, ఘాటు వాసన వస్తది, కంగారు పడొద్దు, కానీ మూసిన షెడ్డులో కాకుండా ఆరుబయట చేయండి. వంటింటి ఓవెన్లో పార్టులు కాల్చొద్దు, ఆ ఆవిర్లు ఓవెన్లో ఉండిపోతాయి, తర్వాత అందులో వండింది తినేది మన పిల్లలే.

ఇంజిన్ ఎనామిల్ వేసిన బ్లాక్ అయితే ఇంత తతంగం లేదు, ఒకరోజు ఆరనిచ్చి బిగించి మామూలుగా నడపడమే, వేడికి అదే గట్టిపడుద్ది. వారం రోజుల దాకా సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ నీళ్లు కొట్టించొద్దు, ఆయిల్ పడితే రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది తీయండి. నెల తర్వాత ఒకసారి బోల్టు తలల చుట్టూ, గాస్కెట్ అంచుల దగ్గర చూడండి, పెచ్చు లేచేది ముందుగా అక్కడే. చిన్న పెచ్చు కనపడితే అక్కడి వరకే గీకి, థిన్నర్ గుడ్డతో తుడిచి, డబ్బా మూతలోకి కొంచెం పెయింట్ కొట్టుకుని సన్న బ్రష్‌తో అద్దండి. మిగిలిన డబ్బాని తలకిందులు చేసి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కి దాచుకుంటే నాజిల్ మూసుకుపోకుండా, మళ్లీ కావాల్సి వచ్చినప్పుడు పనికొస్తది.